సేవ్ కాని గేట్‌పాస్

“ఒక ఫారం పాడు చెయ్యాలి,” అన్నాడు చీఫ్.

షాద్‌నగర్ బైపాస్ పక్కన టీ స్టాల్. ఇద్దరూ ఒకే బెంచీ మీద, పరిచయం లేనివాళ్లలా చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు.

“ఏ ఫారం?” అన్నాడు అమరేందర్.

“మహబూబ్‌నగర్ అవతల రైతుల విత్తన సంఘం గోడౌన్ ఉంది. అక్కడ పాత డెస్క్‌టాప్‌లో ఒక డేటాబేస్. సరుకు బయటికి వెళ్లాలంటే ‘అవుట్‌వర్డ్’ ఫారంలో ఎంట్రీ సేవ్ కావాలి. సేవ్ అయితేనే గేట్‌పాస్ ప్రింటవుతుంది. పాస్ లేకుండా గేటు తియ్యరు. బలవంతంగా తీయించబోతే చుట్టూ ఊళ్లు లేస్తాయి.”

“సరుకేమిటి?”

“జొన్న. తల్లి విత్తనం. రెండు వానలు పడితే చాలు, పండుతుంది. ఈ రైతులు తరాలుగా కాపాడుకున్న రకం. ఒక విదేశీ ముఠా ఎగుమతి కంపెనీ పేరుతో గోడౌన్‌లో దూరింది. ఈ సాయంత్రం మొత్తం నిల్వ లారీ ఎక్కుతుంది. సరిహద్దు దాటితే మన రైతు తన విత్తనాన్ని తనే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి.”

“లోకల్ పోలీసులు?”

“అక్కడ ముఠాకి చెవులున్నాయి. మన టీమ్ హైదరాబాద్ నుంచి వస్తోంది. చీకటి పడితే గాని చేరదు. అంతవరకు లారీ గేటు దాటకూడదు.”

చీఫ్ ఎర్ర మూత ఉన్న పెన్‌డ్రైవ్‌ని బెంచీ మీద వదిలాడు. దాన్ని ఆ కంప్యూటర్‌కి పెడితే డేటాబేస్ క్షణంలో చచ్చిపోతుంది. పక్కనే ఒక కళ్లద్దాల డబ్బా. అద్దాల కుడి కాడను నొక్కితే టీమ్‌కి సిగ్నల్ వెళ్తుంది. సిగ్నల్ అందితే కాడ సన్నగా వణుకుతుంది.

“మనీష?” అన్నాడు అమరేందర్.

చీఫ్ టీ మీద ఊదాడు. మనీష ఏడాదిగా ఆ ముఠాలో ఉంది. ఎగుమతి కంపెనీ మేనేజర్‌గా. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె డిపార్ట్‌మెంట్ మనిషి. కనీసం ఫైల్‌లో అలా రాసి ఉంది.

“ఫారం చెడితే మొదటి అనుమానం ఆమె మీదే,” అన్నాడు అమరేందర్.

“ఆ సంగతి ఆమెకి తెలుసు,” అన్నాడు చీఫ్. గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

మహబూబ్‌నగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అమరేందర్ చీఫ్ చివరి మాటను మనసులో తిప్పుతూ ఉన్నాడు. ఒకప్పుడు వేరే ఊళ్లో, వేరే మిషన్‌లో, అతనూ మనీషా భార్యాభర్తలుగా నటించారు. కిరాయి ఇల్లు, రెండు కుర్చీలు, ఒక గ్యాస్ పొయ్యి. రోజూ సాయంత్రం ఆమె తలుపు తీసి “వచ్చారా?” అనేది. పక్కింటివాళ్లు వినాలని. పక్కింటివాళ్లు ఊరెళ్లిన వారంలో కూడా అంది. ఆ మాట నటనా కాదా అని అతను ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోకుండా ఉండటం అతనికి అలవాటైన ఒక రకమైన నిద్ర.

గోడౌన్ చేరేటప్పటికి పొద్దు గుంకింది. మెడలో షాపు ఐడీ కార్డు, భుజానికి టూల్ బ్యాగు. కార్డు మీద పేరు శివకుమార్, కంప్యూటర్ మెకానిక్. ప్రింటర్ చెడిందనే నెపంతో అతన్ని పిలిపించడం మనీష వంతు. పెన్‌డ్రైవ్ పెట్టడం అతని వంతు. 

గేటు లోపల లారీ నిండుగా ఉంది. ఇంజన్ నడుస్తోంది.

ఆఫీసు గదిలోకి అడుగు పెట్టగానే వెనుక తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది.

“రండి శివకుమార్ గారూ,” అన్నాడు తలుపు వేసిన మనిషి. ఖరీదైన చొక్కా, మెత్తని గొంతు. అశోక్‌కుమార్ అనే పేరుతో ముఠా పంపిన మనిషి. తెలుగువాడే, కానీ ఎక్కడో దూరదేశంలో పెరిగిన తెలుగు. “మీరు ప్రింటర్ కోసం వచ్చారు. ప్రింటర్ బాగానే ఉంది. ఫారమే సేవ్ కావడం లేదు.”

అమరేందర్ చెయ్యి జేబులోని పెన్‌డ్రైవ్ మీదే ఆగిపోయింది. తను పాడు చెయ్యడానికి వచ్చిన ఫారం అప్పటికే పాడై ఉంది.

మనీష గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మెరూన్ రంగు పోచంపల్లి చీర, తల మీదికి ఎత్తిపెట్టిన నల్లద్దాలు. కళ్లలో ఎప్పుడూ ఉండే ఆ ధీమా లేదు. ఆమె ముందు టేబుల్ మీద ఒక న్యూస్‌పేపర్. దాని కింద ఏదో బరువైనది. అశోక్‌కుమార్ వచ్చి ఆ పేపర్ మీద చెయ్యి వేశాడు.

“మేడమ్, కరెంటేమన్నా ఎక్కువ తక్కువైందా?” అన్నాడు అమరేందర్. నువ్వు చేశావా అని దాని అర్థం.

“లేదు. మీ షాపు వాళ్లే పొద్దున ఏదో మార్చారనుకున్నాను,” అంది మనీష. నువ్వే చేశావనుకున్నాను అని.

ఇద్దరి చూపులూ కలిసి విడిపోయాయి. నిజం చెబుతోందా? అతనికి తెలియలేదు. ఆమెకీ తెలియలేదని మాత్రం తెలిసింది.

“మా మేనేజర్ గారు చాలా తెలివైనవారు,” అన్నాడు అశోక్‌కుమార్. “తెలివైనవాళ్ల దగ్గర యంత్రాలు ఊరికే చెడిపోవు. నాకు కారణం కావాలి. కారణం యంత్రమైతే ఆమెకి క్షమాపణ చెబుతాను. మనిషైతే…” అతను న్యూస్‌పేపర్ అంచు ఎత్తాడు. నల్లటి పిస్టల్ గొట్టం కనిపించింది. “మీరు భయపడకండి. మీ పని మీరు చెయ్యండి. తొందరగా.”

మూలన స్టూలు మీద ఒక నడివయసు ఆవిడ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంఘం తరఫున ఎంట్రీలు చేసే నిర్మలమ్మ. పిస్టల్ చూసినప్పటి నుంచి ఆమె టిఫిన్ మూత వదల్లేదు.

“నేనేం జేయలే సారూ,” అంది అమరేందర్‌తో. “ఇయ్యాల వద్దు సారూ అంటనే ఉన్న. ఇన్నరా? నా మాట ఎవరింటరు.”

“ఇంటికి పోవాలని తొందర ఆమెకి,” అన్నాడు అశోక్‌కుమార్. 

అమరేందర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కళ్లద్దాలు సర్దుకుంటున్నట్టు కుడి కాడను నొక్కాడు. కాడ వణకలేదు. గోడౌన్ గోడలు మందం. సిగ్నల్ వెళ్లిందో లేదో.

ఫారం తెరిచాడు. రకం, బస్తాలు, కొన్నవారి పేరు, జిల్లా, బండి నంబరు. అన్నీ నింపి సేవ్ నొక్కాడు. తెర ఒక్కసారి రెప్ప వేసింది. డబ్బాలన్నీ ఖాళీ అయిపోయాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఏమీ జరగనట్టు కొత్త ఫారం అతని ముందు తెల్లగా నిలబడింది.

తప్పు చెప్పి తిట్టే యంత్రాన్ని భరించవచ్చు. మౌనంగా తుడిచేసేది మనిషిలా అనిపిస్తుంది.

జిల్లా డబ్బా మీద అనుమానం వచ్చింది. కొత్త జిల్లాలు వచ్చాక ఇలాంటి పాత ఫారాల్లో ఆ జాబితాలే సగం గొడవలకు మూలం. జాబితా తెరిచాడు. వనపర్తి ఉంది, నారాయణపేట ఉంది. ఎవరో చేర్చారు. పాత పేరు పెట్టి చూశాడు, కొత్త పేరు పెట్టి చూశాడు. రెప్ప. ఖాళీ.

డిజైన్ తెరిచి కోడ్ చూద్దామనుకున్నాడు. తెరుచుకోలేదు. తయారుచేసినవాడు కోడ్‌కి తాళం వేసి, వాడే కాపీ మాత్రం ఇచ్చి వెళ్లాడు. లోపల ఏముందో చూడటానికి వీల్లేదు, బయటి నడవడిని బట్టి ఊహించాల్సిందే. మనుషుల విషయంలో అతను జీవితమంతా చేసిన పని అదే.

ఫైల్ ఇంకెక్కడైనా తెరిచి ఉందా? లేదు. ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉందా? ఉంది. డిస్క్‌లో జాగా ఉందా? ఉంది. డేటాబేస్‌ని రిపేర్ కమాండ్‌తో సర్దాడు. రెప్ప. ఖాళీ. పాత బ్యాకప్ కాపీ తెరిచాడు. అదీ అంతే.

“ఏమైంది?” అన్నాడు అశోక్‌కుమార్.

“చూస్తున్న సార్. జర టైమియ్యండి.”

బయట లారీ ఇంజన్ గురగురమంటోంది. అప్పుడొక ఆలోచన చల్లగా వచ్చి పక్కన కూర్చుంది. ఆదేశం ప్రకారం మిషన్ పూర్తయింది. లారీ గేటు దాటదు. తను చెయ్యాల్సిందల్లా చేతులు ముడుచుకోవడమే. ‘సాఫ్ట్‌వేర్ కరప్ట్ అయింది సార్, మా వల్ల కాదు’ అంటే చాలు. విత్తనం దక్కుతుంది. చీఫ్ ఫైల్‌లో మంచి మాట రాస్తాడు. న్యూస్‌పేపర్ కిందిది మాత్రం పేలుతుంది.

దాని వెనకే ఇంకొకటి. ఒకవేళ ఇది చీఫే ముందుగా వేరే ఎవరితోనో చేయించి ఉంటే? లేదా మనీషే చేసి, అబద్ధం చెబుతూ ఉంటే? ఎవరి తరఫున? అతని వృత్తిలో అనుమానానికి ఫారం ఒకటే. పేరు డబ్బా ఖాళీగా ఉంటుంది. ఎవరి పేరు టైప్ చేసినా తీసుకుంటుంది. అదొక్కటే ఎప్పుడూ సేవ్ అవుతుంది.

అతను తల విదిల్చాడు. మనీష అతని వైపు చూడటం లేదు. చీర కొంగు చివరి దారాన్ని వేలికి చుట్టి విప్పుతోంది. ఆ కిరాయి ఇంట్లో, అతను ఆలస్యంగా వచ్చిన రోజుల్లో, ఆమె అలాగే చేస్తుండేది. 

ఫారం చెడగొట్టడానికి వచ్చినవాడు దాన్ని బాగుచేయడానికి ప్రాణం పెట్టి కూర్చున్నాడు. ఈ గదిలో ఎవరూ తప్పు చెయ్యలేదని నిరూపించాలి. నిజమైన కారణం దొరికితేనే ఆమె బతుకుతుంది.

‘ఇన్‌వర్డ్’ ఫారం తెరిచాడు. సరుకు లోపలికి వచ్చినప్పుడు నింపేది. పరీక్ష కోసం ఒక బస్తా వచ్చినట్టు రాసి సేవ్ నొక్కాడు. సేవ్ అయింది! ప్రింటర్ కాగితం కక్కింది. 

లోపలికి రానిస్తోంది, బయటికి పోనివ్వడం లేదు.

పాత అవుట్‌వర్డ్ ఎంట్రీల పట్టిక తెరిచి తేదీల వారీగా పేర్చాడు. సీజన్‌లో రోజూ చీకటి పడ్డాక కూడా బండ్లు వెళ్లాయి. కిందికి జరుపుతూ పోయాడు. ఎక్కడో ఏదో తగులుతోంది, చీకట్లో మెట్టు తప్పినట్టు. మళ్లీ పైకి వెళ్లాడు. వారానికొక సాయంత్రం ఖాళీ. ప్రతి వారం. ఏళ్ల తరబడి. అదే రోజు. శుక్రవారం. ఇవాళ కూడా శుక్రవారమే.

“అమ్మా,” అన్నాడు నిర్మలమ్మతో. “శుక్రవారం సాయంత్రం ఎప్పుడూ బండ్లు ఎందుకు పోలేదు?”

నిర్మలమ్మ అతన్ని వింతగా చూసింది.

“గదేం మాట బిడ్డా? శుక్రారం దీపం ముట్టించినంక ఇంట్లకెల్లి ఇత్తనం బయటికి పోనిస్తరా ఎవరన్న? లచ్చిమి ఎల్లిపోదా? మీ ఇంట్ల ఇస్తరా?”

“మనుషులు ఇవ్వరు. ఫారానికి ఎట్ల తెలిసింది?”

ఆమె నోరు తెరిచి, ఆగింది. టిఫిన్ మూత మీది వేళ్లు కదిలాయి.

“అయ్యో నా మతి మండ! ఫారం జేసిన దినేశ్ సారుకు మా సంఘం పెద్దమనుషులు అప్పుడే చెప్పిండ్రు. మనుషులు మర్చిపోతరు, మిషిని మర్చిపోవద్దు, శుక్రారం పొద్దుగూకినంక పాసు రావద్దని. ఎన్నేండ్లాయె! శుక్రారం గీ యాల్లకు పాసు గావాలని వచ్చినోడే లేడాయె, నాకేం యాదికుంటది? నేను వద్దన్నది మంచిది గాదని, గంతే.”

అశోక్‌కుమార్ చిన్నగా నవ్వాడు. నమ్మిన నవ్వు కాదు.

“చక్కని కథ. నిరూపించండి. కంప్యూటర్ గడియారం మధ్యాహ్నానికి తిప్పండి.”

అమరేందర్ తిప్పాడు. నింపాడు. సేవ్.

రెప్ప. ఖాళీ.

న్యూస్‌పేపర్ కిందికి జారింది. పిస్టల్ అశోక్‌కుమార్ చేతిలో ఉంది. దాని మూతి మనీష చెవి పక్కన. ఆమె కళ్లు మూసుకోలేదు. అమరేందర్ వైపే చూసింది. ఈసారి ఆ చూపులో ప్రశ్న లేదు. అదే భయంకరంగా ఉంది.

“ఆగండి సార్!” అమరేందర్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. “ఇందాక ఇన్‌వర్డ్ ఎంట్రీ నేనే వేసిన. ఇప్పటి టైముతో. దాని తరువాతిది దాని కంటే ముందు టైముతో తీసుకోదు. లెక్కలు వెనక్కి పోవద్దని ఇట్లాంటి ఫారాల్లో పెడతరు. వెనక్కి కాదు సార్, ముందుకు తిప్పాలె.”

“రెండో కథ.”

“ఒక్కసారి సార్. కాకపోతే మీ ఇష్టం.”

మీ ఇష్టం! ఆ రెండు మాటలూ నోటి నుంచి వచ్చాక వాటి అర్థం అతనికి తెలిసింది. తేదీని శనివారం ఉదయానికి మార్చాడు. రకం. బస్తాలు. పేరు. జిల్లా. బండి నంబరు. సేవ్ బటన్ మీద బాణం గుర్తు నిలబడింది. నొక్కడానికి అతని వేలు ఒప్పుకోలేదు. అతనే నొక్కాడు.

తెర రెప్ప వేయలేదు. ‘ఎంట్రీ సేవ్ అయినది’ అంది. ప్రింటర్ గొంతు సవరించుకుని గేట్‌పాస్‌ని బయటికి తోసింది.

పిస్టల్ దిగింది.

“క్షమించండి మనీష గారూ,” అన్నాడు అశోక్‌కుమార్, చాలా మర్యాదగా. కాగితం అందుకుని చదివి, కనుబొమలు ముడిచాడు. “ఇది రేపటి తేదీ.”

అమరేందర్ ముందే సిద్ధం చేసుకున్న గొంతుతో చెప్పాడు. “మీరు సరిహద్దు చేరేసరికి రేపే కదా సార్. అక్కడ చూసేటోనికి అదే తేదీ ఉంటే మంచిదే.”

అశోక్‌కుమార్ ఆలోచించాడు. అతని మ్యాప్‌లో సరిహద్దు ఉంది, ఓడరేవు ఉంది. జడ్చర్లకు పోయే దారిలో, ధాన్యం బండ్లనీ విత్తనం బండ్లనీ మాత్రమే ఆపే చిన్న మార్కెట్ చెక్‌పోస్ట్ లేదు. లారీ డ్రైవర్ కూడా వేరే రాష్ట్రం వాడు. ఆ చెక్‌పోస్ట్ సంగతి ఈ గదిలో మరొకరికి తెలుసు. 

అమరేందర్ నిర్మలమ్మను చూశాడు. ఏ మాటా నోట్లో దాచుకోలేని మనిషి. ఆమె గేట్‌పాస్ వైపు చూసింది, మనీష వైపు చూసింది. పెదవులు విడివడ్డాయి. తరువాత టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, “ఇగ నేను పోవచ్చా సారూ?” అంది.

“వెళ్లండి. మీరిద్దరూ మాత్రం నాతో రండి,” అన్నాడు అశోక్‌కుమార్. “సరిహద్దు దాకా.”

గోడౌన్ కాపలావాడు పాస్ మీద ముద్ర ఒక్కటే చూసి గేటు తీశాడు. ముందు లారీ, వెనుక కారు. వెనుక సీట్లో మనీష, ఆమె పక్కన అశోక్‌కుమార్. ముందు సీట్లో డ్రైవర్ పక్కన అమరేందర్. కళ్లద్దాల కాడను మళ్లీ నొక్కాడు. వణకలేదు. రోడ్డు పక్కన ఒక్కో దీపం వెనక్కి పోతుంటే అతను ఒకే మాట జపించాడు. చెక్‌పోస్ట్‌లో మనిషి ఉండాలి. ఆ మనిషి టీకి పోయి ఉండకూడదు, పెళ్లికి పోయి ఉండకూడదు, గేటు ఎత్తి కట్టేసి ఇంటికి పోయి ఉండకూడదు. ఒక గుమాస్తా తన కుర్చీలో ఉంటాడన్న నమ్మకం మీద అతను ఆమె ప్రాణాన్ని పెట్టాడు.

చెక్‌పోస్ట్ గుడిసె కనిపించింది. లోపల దీపం లేదు. కుర్చీ ఖాళీ. గేటు ఎత్తి ఉంది.

లారీ దాని కిందికి వెళుతోంది.

“ఏ! ఆపు! ఆపు!”

గుడిసె వెనుక నుంచి ఒక మనిషి ప్యాంటులో చొక్కా దోపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. చేతిలో టార్చి. అతను దించిన గేటు బొంగు లారీ ముక్కు మీద పడినంత పనయింది. లారీ ఆగింది. ఆ మనిషి చెక్‌పోస్ట్ గుమాస్తా ఎల్లేశం. డ్రైవర్ దగ్గర పాస్ గుంజుకుని టార్చి వేశాడు. చాలాసేపు వేసి ఉంచాడు.

అశోక్‌కుమార్ కారు దిగాడు. జేబులో చెయ్యి.

“ఏమిటి సమస్య?”

“ఇది రేపటిది గదా సారూ.”

“తేదీదేముంది? సరుకు సరిగ్గా ఉంది, ముద్ర ఉంది.”

“నిన్నటి పాసు తెస్తే లేటైనవనుకుంట. రేపటి పాసు తెస్తే నేనేమనుకోవాలె? రేపటి నించి వచ్చినవా నువ్వు?”

వెనుక వడ్ల లారీలు వచ్చి ఆగాయి. హారన్లు. ఒక డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు. “ఏ ఎల్లేశన్నా! ఏందే లొల్లి?”

“ఈ సారు రేపటికెల్లి వచ్చిండంటనే!”

నవ్వులు. డ్రైవర్లు, క్లీనర్లు దిగి వచ్చారు. కారుకి ముందూ వెనకా దారి లేదు. అశోక్‌కుమార్ ఆ నవ్వుల మధ్య నిలబడి పాస్‌ని మళ్లీ చదివాడు. నెమ్మదిగా తల తిప్పి, కారులోని మెకానిక్‌ని చూశాడు. అర్థమైంది. నాలుగు అంగల్లో వచ్చి వెనుక తలుపు లాగాడు. పిస్టల్ బయటికి వచ్చింది, మనీష గుండెకి సూటిగా.

అమరేందర్ సీటు మీదుగా దూకాడు. అందడని తెలుసు. మనీష తలుపు పిడి అందుకుని బలంగా లోపలికి గుంజింది. తలుపుకీ కారుకీ మధ్య మణికట్టు నలిగిన శబ్దం. గుండు కారు కప్పులోంచి ఆకాశంలోకి పోయింది. తరువాత ఆ ఖరీదైన చొక్కా వడ్ల లారీల వాళ్ల కింద కనిపించకుండా పోయింది.

కళ్లద్దాల కాడ అప్పుడు వణికింది.

హైదరాబాద్ నుంచి వస్తున్న చీఫ్ జీపు గేటు అవతల ఆగిన బండ్లలో ఇరుక్కుపోయింది. ఆయన లారీల మధ్య నుంచి రొప్పుతూ నడిచి వచ్చాడు. వెంట టీమ్. అశోక్‌కుమార్‌కి సంకెళ్లు పడ్డాయి. 

మనీష రోడ్డు అంచున కూర్చుంది. అమరేందర్ పక్కన కూర్చున్నాడు.

“నిజంగా నువ్వు చెయ్యలేదా ఆ ఫారం?” అంది.

“లేదు. నువ్వు?”

“లేదు.”

ఇద్దరూ ఒకరినొకరు నమ్మారు. వాళ్ల వృత్తిలో అది నేరం. కాసేపటికి ఆమె, “వచ్చారు,” అంది. దగ్గరలో వినేవాళ్లెవరూ లేరు.

అటు చీఫ్ లారీ దగ్గర నిలబడి ఐడీ కార్డు చూపిస్తున్నాడు. “ఇది దేశ భద్రతకి సంబంధించిన సాక్ష్యం. బండిని వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లాలి. గేటెత్తు.”

ఎల్లేశం కార్డు మీద టార్చి వేశాడు. తరువాత గేట్‌పాస్ మీద వేశాడు. రెండింటినీ ఆయన చేతిలోనే పెట్టాడు.

“మీరు పెద్దోళ్లే సారూ, కాదంటలేను. రేపు రాండ్రి.”